నూకాలు కిర్రుచెప్పులు

అనగనగా, కొండవాలు మీద ఒక దట్టమైన అడవి. ఆ అడవిలో నూకాలు అనే ఎలుగుబంటి ఉండేది. కదలకుండా కూర్చుని వినండి మరి. మధ్యలో గొడవ చేశారంటే కథ అక్కడే ఆపేస్తాను!

నూకాలుకి తల్లీ తండ్రీ లేరు. ఒక్కగానొక్క తమ్ముడు, పేరు పైడి. వాడు పాలు మానకముందే తల్లి పోతే, నూకాలే వాణ్ణి పెంచి పెద్ద చేసింది. ఇప్పుడు వాడికి అవతలి కొండ పిల్ల బంగారితో పెళ్ళి కుదిరింది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికొడుకు ఊరేగింపులో అందరికన్నా ముందు వాడి అక్క నడవాలి. ఊరికే నడిస్తే సరిపోదు, కొత్త కిర్రుచెప్పులు వేసుకుని నడవాలి. ఆ చెప్పుల కిర్రు కిర్రు వినపడ్డాకే పెళ్ళికూతురి తల్లి హారతిపళ్ళెం పట్టుకుని ఎదురొస్తుంది. అక్కకి చెప్పులు లేవా, ఆ ముందు చోటు పినతల్లికి పోతుంది.

నూకాలుకి ఆ ముందు చోటు కావాలి. ఎంత కావాలంటే, ఎదురుగా తేనెపట్టు వేలాడుతున్నా అటు చూసేది కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు నోటితోనే "కిర్రు, కిర్రు" అనుకుంటూ గుహ ముందు అటూ ఇటూ నడిచేది. పాపం, పిచ్చిది!

కానీ దాని పాదాలు... ఏం చెప్పమంటారు! ఇంతింత వెడల్పు, వేళ్ళేమో తలో దిక్కుకీ విచ్చుకుని ఉండేవి. చిన్నప్పుడెప్పుడో నక్క చూసి, "ఇవి కాళ్ళా, చేటలా?" అంది. అక్కడున్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆ మాట నూకాలు గుండెలో అలాగే ఉండిపోయింది. నలుగురిలోకి వెళ్తే చాలు, పాదాలు గడ్డిలో దాచుకుని నిలబడేది.

ఆ అడవికంతటికీ చెప్పులు కుట్టేది ముళ్ళపంది ముత్యాలు తాత. పోకచెట్టు నుంచి రాలిన పట్టని ఈతనారతో కుట్టేవాడు. తన వీపు మీది ముల్లే తనకి సూది. వాగు ఒడ్డున బంకమట్టి చదును చేసి ఉంచేవాడు. చెప్పులు కావలసినవాళ్ళు ఆ మట్టిలో అడుగు వెయ్యాలి. ఆ అచ్చును బట్టే చెప్పు. అడుగు వేసేటప్పుడు తాత అటు తిరిగి నిలబడేవాడు.

"ఒకరి కాళ్ళకేసి తేరిపార చూడటం మర్యాద కాదర్రా" అనేవాడు.

పట్ట నానాలి, నీడన ఆరాలి. అందుకని జత తయారవడానికి నాలుగు రోజులు పట్టేది.

పెళ్ళి ఇంక పద్నాలుగు రోజులుందనగా నూకాలు వాగు ఒడ్డుకి వెళ్ళింది. అప్పుడే జింక అడుగు వేసి వెళ్ళినట్టుంది. ఆ గుర్తు రెండు చింతగింజలు పక్కపక్కన పెట్టినంత ముచ్చటగా ఉంది. దాని పక్కన తన అడుగా? నూకాలు చటుక్కున వేళ్ళన్నీ లోపలికి ముడిచేసి మట్టిలో కాలు పెట్టింది.

"పాదం పూర్తిగా ఆన్చావా అమ్మా?" అన్నాడు తాత అటు తిరిగే.

"ఆన్చాను తాతా!" అంది నూకాలు.

నాలుగు రోజులకి చెప్పులొచ్చాయి. ఎర్రటి గురివింద గింజలు కుట్టి, ఎంత బావున్నాయో! నూకాలు వేసుకుని పది అడుగులు వేసింది. పదకొండో అడుక్కి వేళ్ళ దగ్గర కరిచి ప్రాణం పోయినంత పనైంది.

"పోన్లే, మళ్ళీ అచ్చు వెయ్యి" అన్నాడు తాత.

ఈసారి వేళ్ళు చాచింది. మడమ మాత్రం పైకెత్తి ఉంచింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన జత మడమని కొరుక్కుతింది.

మూడోసారి పాదమంతా ఆన్చింది. ఆన్చింది గానీ, పైన నేరేడు కొమ్మ పట్టుకుని వేలాడింది! బరువు పడకపోతే గుర్తు చిన్నగా ఉంటుందని దాని ఆశ. ఇంకో నాలుగు రోజులు గడిచాయి. ఆ చెప్పులు కూర్చున్నప్పుడు చక్కగా సరిపోయాయి. లేచి నిలబడేసరికి పాదం పరుచుకుని పట్టీ పటుక్కున తెగింది.

ముత్యాలు తాత తన మర్యాద పక్కన పెట్టి, ఆ రోజు మొదటిసారి నూకాలు పాదాలు చూశాడు. చర్మం కొట్టుకుపోయి, పుళ్ళు పడి ఉన్నాయి. తర్వాత ఆరిన అచ్చులు మూడూ చూశాడు.

"ఇవి ఎవరి కాళ్ళమ్మా? నీవి కావే!" అన్నాడు.

నూకాలు బావురుమంది. "నా కాళ్ళు ఇలా ఉన్నాయి తాతా. చూస్తే అందరూ నవ్వుతారు. అందుకే కొంచెం తగ్గించి ఇచ్చాను."

"ఓసి వెర్రిదానా! మొన్న ఏనుగుకి కుట్టాను, నీదొక లెక్కా? వెడల్పు కాలికి వెడల్పు చెప్పు కుడతాను. నువ్వు చూపించని కాలికి ఏం కుట్టను చెప్పు?"

నూకాలు కళ్ళు తుడుచుకుంది. అచ్చు వెయ్యడానికి వచ్చినవాళ్ళు వెనక వరసకట్టి ఉన్నారు. అందులో కుందేలుంది, ముంగిస ఉంది, ఆ నక్కా ఉంది. నూకాలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేళ్ళు విప్పి, మడమ ఆన్చి, ఒళ్ళంతటి బరువూ వేసి మట్టిలో నిలబడింది.

నక్క కిసుక్కుమంది. నూకాలు చెవులు వేడెక్కిపోయాయి. అయినా పాదం తియ్యలేదు.

"భేష్! ఇదీ అచ్చంటే!" అన్నాడు తాత.

"ఎప్పుడిస్తావు తాతా?"

"నాలుగు రోజులు పడుతుంది."

"పెళ్ళి ఎల్లుండే!"

తాత మొహం చిన్నబోయింది. "పచ్చిపట్టతో కుడితే వాగు దాటకుండానే విడిపోతాయి. నా చేతిలో ఏం లేదమ్మా."

పెళ్ళిరోజు ఊరేగింపు బయలుదేరింది. అందరికన్నా ముందు అచ్చెమ్మ పిన్ని నడిచింది. నూకాలు ఆ పుళ్ళ కాళ్ళతో ముందుకి రాలేక, అందరికన్నా వెనక కుంటుకుంటూ నడిచింది. ఎక్కడో ముందు నుంచి కిర్రు కిర్రు వినపడుతోంది. హారతి వెలుగు చెట్ల సందుల్లోంచి కాస్త కనపడింది. తమ్ముడి మొహం మాత్రం కనపడలేదు.

పెళ్ళయిన రెండో రోజు తాత చెప్పులు తెచ్చిచ్చాడు. నూకాలు వేసుకుంది. ఎక్కడా కరవలేదు, ఎక్కడా లాగలేదు. పుళ్ళ మీద కూడా మెత్తగా ఆనాయి. కిర్రు కిర్రుమంటూ గుహ ముందు నడుస్తుంటే, పైడీ కొత్త పెళ్ళికూతురు బంగారీ బయటికి వచ్చారు.

"అబ్బ, ఎంత బావున్నాయక్కా! మరి పెళ్ళినాడు ఎందుకు వేసుకోలేదు? నేను వెనక్కి తిరిగి తిరిగి నీకోసమే చూశాను" అన్నాడు పైడి.

నూకాలు తల దించుకుంది. "నా పాదాలు ఎవరి కంటా పడకూడదనుకున్నానురా. దాచుకుని దాచుకుని, అసలు కొలత ఇచ్చేసరికి పొద్దు మించిపోయింది."

"నీ పాదాలా?" పైడి ఆశ్చర్యపోయాడు. "వానాకాలం గుహలోకి నీళ్ళొస్తే నన్ను వాటి మీదే కదక్కా పడుకోబెట్టుకునేదానివి! అంత వెడల్పున్నాయి కాబట్టే నేను తడవకుండా నిద్రపోయాను. అవి ముందు నడుస్తాయనే కదా నేను ఎదురుచూసింది!"

నూకాలు తమ్ముణ్ణి దగ్గరికి తీసుకుని కరువుతీరా ఏడ్చింది. కాళ్ళకి చెప్పులు ఎంతో హాయిగా ఉన్నాయి. ఊరేగింపు మాత్రం అయిపోయింది.

నీతి: ఉన్నది ఉన్నట్టు చూపించడానికి సిగ్గుపడితే, మనకోసం వచ్చిన మంచిరోజు మనల్ని వెనక వదిలేసి వెళ్ళిపోతుంది.