బెండు పిడికి తగిన తరిమెన

అనగనగా అంటే మన ముత్తాతల ముత్తాతలకు కూడా గుర్తులేనంత వెనక, సముద్రానికి దగ్గరలో ఒక పెద్ద సరస్సు, ఆ సరస్సు ఒడ్డున మీనవరం అనే రాజ్యం ఉండేవి. నీలకేతుడు దానికి రాజు. మంచివాడు. గాలం వేసి చేప పట్టడంలో ఆరితేరినవాడు. ఈ కథ జరిగేనాటికి మాత్రం బాగా ముసలివాడైపోయాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఎవరూ వల ముట్టరు. ఆ గడువు తీరాక రాజు తానే పడవెక్కి, గాలం వేసి, తొలిచేపను ఒడ్డుకు తెస్తాడు. ఆ తరవాతే జాలర్ల వలలు నీళ్లలో దిగుతాయి. రాజుగారి చేప రాకపోతే ఎవరి వలా దిగదు.

ఆ ఏడు రాజు గాలం వేశాడు. చేప పడింది, బలంగా లాగింది. రాజు చేతులు వణికాయి. గాలపుకర్రకు ఉన్నది టేకు పిడి. దానికి లక్క పూసి, మెరుగు మీద మెరుగు పెట్టి, మొహం చూసుకునేలా చేశారు. చూడ్డానికి బాగానే ఉంది గానీ తడిచేతికి నిలుస్తుందా? సర్రున జారి, కర్రా చేపా కలిసి నీళ్లలోకి పోయాయి. మర్నాడు కొత్త కర్ర తెచ్చారు. అదీ పోయింది. ఆ మర్నాడు ఇంకొకటి తెచ్చారు. అదీ పోయింది.

రాజుకు సిగ్గు ముంచుకొచ్చింది. "ఈ ఏటికి ఆచారం మాట వదిలేయండి. మీ వలలు మీరు వేసుకోండి" అన్నాడు.

జాలరిపెద్ద ఎర్రన్న చేతులు కట్టుకున్నాడు. "అంత మాట అనకండి మహారాజా. తొలిచేప రాకుండా వల వేస్తే సరస్సు మామీద అలుగుతుంది. మా తాతలు చెయ్యని పని మేం చెయ్యలేం. గంజి తాగి కాచుకుంటాం" అన్నాడు. గంజికి కూడా గింజలు అడుగంటాయని మాత్రం చెప్పలేదు.

అప్పుడు రేవులో ఉన్న ఒక విదేశపు ఓడ సరంగు ముందుకొచ్చాడు. "ప్రభూ, మా వైపు గాలపుకర్రకు బెండు పిడి వేస్తారు. అదొక చెట్టు బెరడు. తేలికగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, తడిసినా చెయ్యి జారదు. జాడీలకు బిరడాలు చేద్దామని కాస్త తెచ్చుకున్నాను. తీసుకోండి" అని ఒక చిన్న సంచి ఇచ్చాడు. చూస్తే అది మూడు పిడులకు సరిపడా ఉంది. ఆ ఓడ వెళ్లిపోతే మళ్లీ ఏడాదికి గానీ రాదు.

రాజు గవరయ్యను పిలిపించాడు. గవరయ్య రాజ్యంలోకెల్లా పెద్ద తరిమెన పనివాడు. తరిమెన అంటే తెలుసుగా, కొయ్యను గిరగిరా తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం.

"గవరయ్యా, ఈ బెండుతో పిడి చెయ్యాలి. రాజ్యంలో ఏ తరిమెన కావాలన్నా వాడుకో. ఎంపిక నీదే" అన్నాడు రాజు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఊరి తరిమెనవాళ్లకు ఒక పద్ధతి ఉంది. విందులో ఎవరి విస్తరి ఎక్కడ వెయ్యాలో వాళ్ల తరిమెన పొడుగును బట్టి నిర్ణయిస్తారు. స్తంభాలు తిప్పేవాడికి మొదటి విస్తరి. మంచం కోళ్లు తిప్పేవాడికి నడిమి విస్తరి. కుంకుమ భరిణెలు, లక్కపిడతలు తిప్పేవాళ్లకు చిట్టచివర, ఎంగిలాకులు పారేసే గుంట పక్కన. నాలుగు కూరల్లో రెండు అక్కడిదాకా రావు. చిన్న తరిమెన మీద ఒక్కపూట పని చేసినా సరే, ఇక వాడి విస్తరి చివరికే పోతుంది. పనిని చూసి కాక పనిముట్టు పొడుగు చూసి మనిషిని లెక్కగట్టడం వాళ్లకు తెలివితక్కువగా తోచనేలేదు.

అందుకే గవరయ్య ఆలోచించకుండా తన పెద్ద తరిమెన దగ్గరికే వెళ్లాడు. అది ఇరవై మూరల పొడుగు. రెండెడ్లు తిప్పాలి. రాజమందిరం స్తంభాలన్నీ దానిమీద తిరిగినవే. తరిమెనలు మాట్లాడతాయా అని అడక్కండి, కథలో మాట్లాడతాయి.

"టేకును నమిలాను, చండ్రను నమిలాను, మద్దిని నమిలాను. ఈ బెండు ఒక లెక్కా?" అంది పెద్ద తరిమెన.

గవరయ్య బెండును బిళ్లలుగా కోశాడు. నడుమ బెజ్జాలు వేశాడు. లక్కతో ఒకదానికొకటి అతికించి పెద్ద తరిమెన దవడల్లో బిగించాడు. ఎడ్లను అదిలించాడు. పెద్ద తరిమెన కదిలింది. అది అన్నమాట నిలబెట్టుకుంది. బెండును నమిలేసింది. గవరయ్య తలమీద, ఎడ్ల వీపులమీద పొట్టు రాలింది.

"నేను సరిగ్గానే తిరిగాను. నీ బెండులోనే పస లేదు" అంది పెద్ద తరిమెన.

గవరయ్యకు అదే నిజమనిపించింది. అయినా రాజుగారి మాట కాబట్టి కోటలోకి వెళ్లాడు. అక్కడ పట్టుగుడ్డ కప్పిన ఇత్తడి తరిమెన ఒకటుంది. పొరుగు రాజు కానుకగా పంపాడు. దంతం చెక్కడానికి చేసింది. దానికో బరువైన చక్రం. కాలితో తొక్కితే చక్రం ఊపందుకుంటుంది, ఊపందుకున్నాక దానంతట అది అలిసేదాకా ఆగదు. పొడుగు తక్కువే అయినా కోటలో వస్తువు కనక దానికి రెండో విస్తరి మర్యాద ఉంది.

"నా వేగం చూశావా? కళ్లు మూసి తెరిచేలోగా పని అయిపోతుంది" అంది ఇత్తడి తరిమెన.

నిజంగానే అయిపోయింది. చక్రం తిరుగుతుంటే బెండు వేడెక్కింది. బెండు వేడికి లక్క కరిగింది. బిళ్లలు ఊడి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు లేచిపోయాయి. ఒకటి వెళ్లి మంత్రిగారి తలపాగాలో దూరింది. మరొకటి చూడవచ్చిన పురోహితుడి ముక్కుకు తగిలింది. గవరయ్య ఆపడానికి చెయ్యి పెట్టబోయి, వేళ్లు పోతాయని భయపడి వెనక్కి తీసుకున్నాడు.

ఇంక ఒక్క పిడికే బెండు మిగిలింది.

గవరయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అతని ఇల్లు జాలరివాడను ఆనుకునే ఉంది. ఆ వాడలో పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. పిల్లలు ఆడుకోవడం మానేసి గోడల నీడన పడుకున్నారు. గవరయ్య భార్య పైడమ్మ చాటలో బియ్యం పోసుకుని ఎర్రన్న ఇంటికి బయల్దేరుతోంది.

"ఎందుకలా కూర్చున్నావు?" అంది పైడమ్మ.

"పాడు బెండు! పెద్దదానికీ ఆగలేదు, కోటలోదానికీ ఆగలేదు. ఈ దేశంలో దీన్ని చెక్కగల తరిమెన లేదు" అన్నాడు గవరయ్య.

"రెండుసార్లూ తరిమెన గొప్ప చూసుకున్నావు. ఒక్కసారైనా ఆ బెండు మొహం చూశావా?" అంది పైడమ్మ. ఆ మాట అని చాట పట్టుకుని వెళ్లిపోయింది. మొగుడు బుర్ర గోక్కోవడం చూస్తూ నిలబడేంత తీరిక ఆమెకు లేదు.

గవరయ్య మిగిలిన బెండు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. గోటితో నొక్కాడు. నొక్కు పడింది, కాసేపటికి దానంతట అదే సర్దుకుంది. అరచేతుల మధ్య రుద్దాడు. వెంటనే వెచ్చబడింది. ఉలి అంచు ఆనించాడు. తెగలేదు, చిరిగింది. అప్పుడతను గరుకైన సొరచేప తోలు ముక్క తెచ్చి మెల్లగా రుద్దాడు. పిండిలాంటి పొడి రాలి, ఆ చోటు నున్నబడింది. ఇన్నేళ్లుగా గట్టివాటితో పోట్లాడిన చెయ్యి మొదటిసారి మెత్తనిదాని మాట విన్నది.

అతను లేచి లక్కపిడతల వీధికి నడిచాడు. దారిలో ఒక జామపండు కొన్నాడు. ఆ వీధిలో కొండమ్మ అనే ముసలామె కుంకుమ భరిణెలు చేస్తుంది. ఆమె తరిమెన రెండు మూరలుంటుంది. వింటికి కట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగుతుంటే తిరుగుతుంది.

స్తంభాల గవరయ్య తన వాకిట్లోకి వచ్చేసరికి కొండమ్మ కంగారుపడింది. "దారి తప్పావా నాయనా?" అంది.

"నీ తరిమెనను చూద్దామని వచ్చాను పెద్దమ్మా" అని గవరయ్య దానిముందు చతికిలబడ్డాడు. "ఏమ్మా, నువ్వేమేం నమలగలవు?" అని తరిమెనను అడిగాడు.

"నమలడం నాకు చేతకాదు. చెయ్యి అడ్డం పెడితే ఆగుతాను. మెల్లగా లాగితే మెల్లగా తిరుగుతాను. నాకు వచ్చింది అంతే" అంది చిన్న తరిమెన.

గవరయ్య జామపండును దాని మొనల మధ్య నిలిపాడు. వింటితాడు లాగాడు. పండు వణక్కుండా తిరిగింది. సొరతోలు ఆనిస్తే పైతొక్క మాత్రమే రాలింది, లోపలి గుజ్జు నలగలేదు. వేలు అడ్డం పెట్టాడు. ఆగింది. గవరయ్య ఆ పండు కొండమ్మ చేతిలో పెట్టి, నడుముకు దోపుకున్న బెండు సంచి విప్పాడు.

ఈలోగా వీధి నిండా జనం పోగయ్యారు. తరిమెనవాళ్ల పెద్దమనిషి చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"గవరయ్యా, ఆలోచించుకో. దానిమీద పనికి దిగావంటే నీ విస్తరి గుంట పక్కకు పోతుంది. నీ కొడుకుల విస్తళ్లూ అక్కడే పడతాయి" అన్నాడు.

గవరయ్య చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు, అతనికి బాధగానే ఉంది. మొదటి విస్తరి అతని తండ్రి తిన్నది, తాత తిన్నది. కానీ వీధి చివర జాలరివాడ కనిపిస్తోంది. అక్కడ ఒక్క గుడిసె మీద కూడా పొగ లేదు.

"అక్కడే వెయ్యండి. వాళ్ల పొయ్యిలు వెలిగితే నాకా చోటు చాలు" అన్నాడు గవరయ్య. అని వింటితాడు అందుకున్నాడు.

ఈసారి లక్క వాడలేదు, పడవల సందులకు పెట్టే గుగ్గిలంతో బిళ్లలు అతికించాడు. ఉలి ముట్టలేదు, సొరతోలుతోనే అరగదీశాడు. బెండు వెచ్చబడినప్పుడల్లా తరిమెన ఆపి, చల్లారాక మళ్లీ తిప్పాడు. రాజుగారి చేత తడిమన్ను పిసికించి తెప్పించి, ఆ వేళ్ల గుర్తులను బట్టి నడుమ కాస్త లావుగా, చివర్లు కాస్త సన్నంగా మలిచాడు. పని పూర్తయ్యాక అలవాటుకొద్దీ చెయ్యి లక్కకర్ర మీదికి పోయింది. కొండమ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది.

"మళ్లీ మెరుగా! మొన్నటి పిడులను ముంచింది చాలలేదూ?" అంది. గవరయ్య నవ్వి లక్కకర్ర పక్కన పెట్టేశాడు.

మర్నాటి పొద్దున రాజు పడవెక్కాడు. ఊరంతా ఒడ్డున నిలబడింది. గాలం నీళ్లలో పడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత కర్ర వంగింది. చేప ఒక్క గుంజు గుంజింది. రాజు చేతులు ఎప్పటిలాగే వణికాయి. వేళ్లు తడిశాయి. ఎర్రన్న కళ్లు మూసుకున్నాడు. రాజు ఈసారి పళ్లబిగువున పట్టుకోవడానికి పెనుగులాడలేదు, చేతనైనంతే పట్టుకున్నాడు. కర్ర జారలేదు. చేప అలిసిపోయేదాకా అటూ ఇటూ తిరిగి, చివరకు పడవ పక్కకు వచ్చింది. అది మూరెడు కూడా లేని కొర్రమీను. దాన్ని ఒడ్డున పెట్టగానే లేచిన కేకలకు కొంగలన్నీ ఎగిరిపోయాయి.

రాజు పడవ దిగి గవరయ్య దగ్గరికి వచ్చాడు. బెండు పిడిని ఇంకా వదల్లేదు. ముసలాయన కళ్లలో నీళ్లున్నాయి.

"గవరయ్యా, చేతుల్లో బలం పోయింది, ఇక నావల్ల ఎవరికీ అన్నం దొరకదు అనుకున్నాను. చూడు, నేను దీన్ని గట్టిగా పట్టుకోనేలేదు. ఇదే నా చేతిని పట్టుకుంది" అన్నాడు.

వెనక పడవలు ఒకదాని తరవాత ఒకటి నీళ్లలోకి దిగుతున్నాయి. వలలు గాలిలో విచ్చుకుని సరస్సు మీద పడుతున్నాయి. మధ్యాహ్నానికల్లా జాలరివాడలో పొయ్యిలు రాజుకున్నాయి. ఎర్రన్న భార్య మొదటి కూరగిన్నె తెచ్చి పైడమ్మ చాటలో పెట్టింది.

ఎంత గట్టిదాన్ని లొంగదీయగలదో అని కాక, ఎంత మెత్తనిదాన్ని నలగకుండా చూడగలదో కొలిచి పనిముట్టును ఎంచుకోవాలి. మనుషుల పెద్దరికానికీ అదే కొలత.