కేక లేని రాయి

నాంచారయ్యగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. జొన్న కంకి పాలు పోసుకున్నది మొదలు కోత దాకా ఆయన పగలంతా మంచె మీదే ఉంటారు. శిష్యులు కిందే కూర్చుని అడగవలసింది అడుగుతారు. ఆయన చిలకల్ని తోలుకుంటూ వింటారు. వడిసెలలో రాయి పెట్టి, "హో...య్!" అని గొంతెత్తి కేక వేసి, ఆ తరువాతే విసురుతారు. ఏళ్ళ తరబడి అంతే. ఆ కేకకే చిలకలు లేచిపోతుంటే ఇంక రాయెందుకని సువర్చల చాలాసార్లు అనుకుంది. ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు మాత్రం వచ్చీ రాగానే ఇంకోటి అడిగింది.

"స్వామీ, తుపాకి గుండు ఎంత దూరం పోతుంది?"

వడిసెల తిప్పబోయిన చెయ్యి ఆగింది. "ఎవరి తుపాకమ్మా?"

"మాదే."

విజయదశమినాడు తుపాకికి పూజ చేసి, ఆకాశంలోకి ఒక గుండు పేల్చడం ఆ ఇంట తాతల నాటి ఆచారం. ఈ ఏడు పెద్దాయన తుపాకిని మనవడి చేతికిచ్చారు. సువర్చల కొడుకు ప్రద్యుమ్న పేల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పొద్దు వాలేసరికి కబురొచ్చింది. కొండవతల గూడెంలో చిట్టెమ్మ అనే ఆవిడ వేరుశనగ కాయలు ఆరబోస్తుంటే పైనుంచి ఏదో వచ్చి భుజం చీల్చుకుపోయింది. ఆవిడ ఆస్పత్రిలో ఉంది. గుండు దొరకలేదు. అదే గూడెంలో అడవి పందుల కోసం నాటు తుపాకి దాచుకున్న ఈరన్నను పోలీసులు పట్టుకుపోయారు.

"మా మావగారు నిలువునా పేల్చిన గుండు మన పెరట్లోనే పడాలంటారు," అంది సువర్చల. "మరిదిగారు గాలి ఎదురుగాలి, కొండ దాటదంటారు. పిల్లాడేమో రెండు మైళ్ళు దాటినా దాటుతుందంటాడు. తుపాకి ఎంత వాల్చామో దాన్ని బట్టట. గుండు బరువును బట్టట. గాలిని బట్టట. మాది మిట్ట కాబట్టి ఇంకాస్తట. వాడు అన్నం తినడం లేదు స్వామీ. ఎవరి మాట నిజం?"

"నీకేమనిపిస్తోంది?"

"ఏమీ తెలియడం లేదు."

నిజంగానే తెలియడం లేదు. మావగారు చెబుతుంటే గుండు పెరట్లో పడినట్టే ఉండేది. వెళ్ళి కొబ్బరి పాదులు తవ్వి చూసింది కూడా. కొడుకు ముఖం చూస్తే కొండ దాటినట్టే ఉండేది. చూసి చూసి, కొండ దగ్గరో దూరమో కూడా తేల్చుకోలేకపోయింది.

నాంచారయ్యగారు మెట్లు దిగారు. "నాకు భుజం లాగుతోంది. చిలకలు వాలుతున్నాయి. నువ్వు రెండు రాళ్ళు విసిరి పెట్టు."

అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి? అయినా మంచె ఎక్కింది. పుట్టింట చిన్నప్పుడు వడిసెల తిప్పిన చెయ్యే. ఒకవైపు స్వామివారి పాక ఉంది. ఆమె రెండోవైపుకు తిరిగి, కంకుల మీదుగా గట్టిగా విసిరింది. చిలకలు గుంపుగా లేచాయి. రాయి ఎక్కడ పడిందో కనబడలేదు.

వినబడింది. చేనవతల ఏదో భళ్ళుమంది.

"ఎవురది? కేకెయ్యకుండా రాయిసిరింది ఎవురంట?" పైరు చీల్చుకుంటూ ఒకావిడ వచ్చింది. కలుపు తీస్తున్న చేతులు. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో పగిలిన ముంత మెడ. "నిండు ముంత మజ్జిగ నేలపాలు! ముంత పక్కనే నా తలకాయ ఉంది, కళ్ళు కనపళ్ళా? ఏం సామీ, కొత్తగా పిట్టల్ని వదిలేసి మడుసుల్ని తోలుతున్నారా?"

నాంచారయ్యగారు చేయి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశారు. "ఇటునుంచే వచ్చిందంటావా తిరపతమ్మా? గాలి చూడబోతే ఎదురుగాలి. రాయి బరువెంతో, ఎంత వాల్చి విసిరారో..."

"నేనే!" అంది సువర్చల మంచె మీంచి. "నేనే విసిరాను అక్కా. నీకు తగిలిందా?"

తిరపతమ్మ తలెత్తి చూసింది. తిట్టబోయిన నోరు ఆగింది. "తగల్లేదులే తల్లా. దిగు, పడతావు. ఇంకోసారి కేకెయ్యి. కేకినపడితే మేం తలకాయ చేతుల్లో దాచుకుంటాం." ముంత మెడను గట్టు మీద పడేసి వెళ్ళిపోయింది.

సువర్చల దిగి వచ్చింది.

"కేక పిట్టలకనుకున్నాను," అంది.

ఆయన తన పాక వైపు చెయ్యి చూపించారు. "ఇటెందుకు విసరలేదమ్మా?" అని అడిగారు.

"ఇటు మీ పాక ఉంది కదండీ."

"అటో?"

"అటు... చేనే కదా."

ఆ మాటతో పండగనాడు హారతి పళ్ళెం పట్టుకుని తను నిలబడ్డ చోటు కళ్ళ ముందుకొచ్చింది. కొడుకు తుపాకిని నిలువుగానే ఎత్తాడు. 'కాస్త అటు వాల్చు నాయనా, మన నెత్తినే పడుతుందేమో' అన్నది తనే. వాడు వాల్చాడు. అటంటే కొండే కదా అనుకుంది.

"నేనే వాల్చమన్నాను స్వామీ," అంది. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట.

ఆయన తలూపారు. "మజ్జిగ ముంతకు నీ నోరు భలే తొందరగా లేచిందమ్మా."

సువర్చల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముంతకు చెప్పొచ్చు. పోలీసులకు చెబితే వాణ్ణి తీసుకుపోతారు. నా కొడుకు స్వామీ. అయినా పడాల్సింది పడిపోయింది. ఇప్పుడు కేక వేసి ఏం లాభం?"

నాంచారయ్యగారు మంచె ఎక్కి రాయి అందుకున్నారు. "హో...య్!" అన్నారు. చేనవతలి నుంచి తిరపతమ్మ బదులు పలికింది. అది విన్నాకే విసిరి, కొండ వైపు చూశారు.

"గుండు ఎంత దూరం పోతుందని కదూ అడిగావు? చిట్టెమ్మను దాటింది. ఈరన్న ఇంటి దాకా పోయింది. ఇంకా ఎక్కడా ఆగినట్టు లేదు తల్లీ."