మూడు వందల బారల దూరం

ఒకానొక రాజ్యంలో శాసనాలకు కొదవ లేదు. వాన పడ్డా పడకపోయినా వారానికో శాసనం మాత్రం పడేది. ఏలిక ప్రచండకేసరి మహారాజుకు తన శాసనాలంటే తనకే మహా మురిపెం. ఒక్కొక్కటి చదివించుకుని, మీసం దువ్వుకుని, మళ్లీ చదివించుకునేవాడు.

ఆయన కోట గోడల లోపలి ఊళ్లో గంజాయి చాటుమాటుగా అమ్ముడయ్యేది. అమ్మేవాళ్లు దాంట్లో ఉమ్మెత్త గింజలు నూరి కలిపేవాళ్లు. అది తిన్న నలుగురు మతి చెడి గోడలతో మాట్లాడటం మొదలుపెట్టాక, రాజుకు ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలు ఆయనకూ వచ్చేవి, అబద్ధమెందుకు. "ఇక చాటు బేరాలు చాలు. రాజముద్ర ఉన్న అంగడి ఒక్కటే ఉండాలి. అందరి కళ్ల ముందూ, కల్తీ లేకుండా, రోగులకు మాత్రమే అమ్మాలి" అని చాటింపు వేయించాడు.

ఆ ముద్ర కోసం వచ్చింది మాచమ్మ. నొప్పులకూ నిద్ర పట్టని జబ్బులకూ గంజాయి లేహ్యం చేసే ముసలి వైద్యురాలు. ఆమె చేతి మందు మీద కోటలో ఎవరికీ అనుమానం లేదు.

అంతా బాగానే ఉండేది, విస్సన మంత్రి నోరు విప్పకపోతే.

"ప్రభూ, గుడికి మూడు వందల బారల లోపల ఈ అంగడి ఉండరాదు."

"భేష్! బడికి కూడా" అన్నాడు రాజు.

"మరి బావికి?"

"బావికీ! సత్రానికీ! రచ్చబండకూ!"

పొద్దు వాలేసరికి షరతులు పదకొండయ్యాయి. కోట గోడ దాటి అమ్మితే చెరసాల. పున్నమి లోపల అంగడి తెరవకపోతే అనుమతి రద్దు.

మాచమ్మ మూడు చోట్లు చూపించింది. ఒకటి గుడికి పది బారలు తక్కువైంది, ఒకటి సత్రానికి ఆరు బారలు, మూడోది బావికి ఒక్క బార. మూడుసార్లూ మంత్రి తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ వెళ్లి బొల్లన ఇంటి అరుగు మీద కూలబడింది. బొల్లన రాజుగారి కొలతగాడు. పొలాల హద్దులు, ఇళ్ల హద్దులు తాడు పట్టి కొలిచి సున్నంతో గీత గీసేవాడు. అతని తండ్రి పోయే ముందు నెల రోజులు నొప్పితో కేకలు పెడుతుంటే, ఆయన కంటికి కునుకు తెచ్చింది మాచమ్మ లేహ్యమే. ఆ మేలు బొల్లన మరచిపోలేదు.

"నాకేముంది నాయనా, ఏ ఊళ్లోనైనా గంజి దొరుకుతుంది. నా రోగులే మళ్లీ ఆ ఉమ్మెత్త గింజల పాలవుతారు" అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బొల్లన కొలతతాడు భుజాన వేసుకున్నాడు. "ఏడవకత్తా. పున్నమికి ఇంకా ఆరు రోజులున్నాయి" అని తిన్నగా సభకు వెళ్లాడు.

"మహాప్రభూ, తమ శాసనం అంగడి పెట్టమంటోంది. తమ షరతులు వద్దంటున్నాయి. మేము ఎవరి మాట వినాలి?"

రాజుకు ముక్కు మీదికి వచ్చింది కోపం. "నా శాసనానికి వంక పెడతావా? చోటు లేక కాదు, మీకు వెతికే ఓపిక లేక! షరతులన్నిటికీ సరిపోయే చోటు కోటలో చూపించు. అది ఎవరిదైనా సరే, నిండు సభలో నా చేత్తో ముద్ర వేస్తాను. చూపలేకపోయావో, నీ కొలతతాడు ఇక్కడ పెట్టి ఇంటికి పో."

"చిత్తం" అన్నాడు బొల్లన.

అయిదు రోజులు కోటంతా కొలిచాడు. గుడి దగ్గర మేకు దిగగొట్టి, మూడు వందల బారల తాడు కట్టి, చుట్టూ తిరిగి సున్నం గీత గీశాడు. తర్వాత బడి, బావి, సత్రం, రచ్చబండ. కోట నిండా తెల్లటి వలయాలే. వాకిట్లో ముగ్గు వేద్దామని వచ్చిన ఆడవాళ్లకు అప్పటికే ముగ్గు వేసి ఉంది. అయిదో సాయంత్రం ఏ వలయమూ తాకని ఒకే ఒక్క చోట నిలబడి, బొల్లన తనలో తాను నవ్వుకున్నాడు.

పున్నమి నాడు సభ తీరింది. మాచమ్మ చాప, తక్కెడ, లేహ్యం జాడీలు పట్టుకుని వచ్చి, సింహాసనం మెట్ల కింద చక్కగా చాప పరుచుకుని కూర్చుంది.

"ఏమిటీ అఘాయిత్యం!" రాజు లేచి నిలబడ్డాడు.

"తమ షరతులన్నీ ఒప్పుకున్న చోటు ప్రభూ. కోట మొత్తానికి ఇదొక్కటే" అన్నాడు బొల్లన. "నా మాట నమ్మనక్కర్లేదు. మంత్రిగారినే కొలవమనండి."

విస్సన మంత్రి తాడు పట్టుకుని బయలుదేరాడు. పాగా జారి చెవి మీదికి రాగా, చెమటలు కక్కుకుంటూ తిరిగి వచ్చాడు. "గుడి మూడు వందల ఇరవై బారలు ప్రభూ. బడీ బావీ మిగతావన్నీ ఇంకా దూరం."

"అదెలా? ఊరంతా ఇరుకైతే నా సభ చుట్టూ ఇంత ఖాళీ ఎక్కడిది?"

బొల్లన చేతులు కట్టుకున్నాడు. "గుడిగంట మోగితే తమకు మధ్యాహ్నం నిద్ర చెడుతోందని గుడిని అవతలికి పంపించారు. పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారని బడిని పంపించారు. గిలక కీచుమంటోందని బావి పూడ్పించి, దూరంగా వేరేది తవ్వించారు. తమకు ఇబ్బంది కలిగించేవన్నీ ఎప్పుడో దూరమయ్యాయి ప్రభూ. అందుకే చోటు ఇక్కడే మిగిలింది."

 అప్పుడు గుమ్మం దగ్గరి ముసలి కావలివాడు వీరన్న, ఈటె గోడకు ఆనించి, కుంటుకుంటూ మాచమ్మ ముందుకు వచ్చాడు.

"తల్లీ, మోకాళ్లకు ఏదైనా ఇయ్యి. రాత్రుళ్లు పడుకోలేకపోతున్నా."

రాజు వాడివైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ గుమ్మంలో నిలబడ్డవాడు కుంటుతున్నాడని ఆయనకు ఆరోజే తెలిసింది. మెట్ల కింది చాప వైపూ, మంత్రి చేతిలోని తాడు వైపూ చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి, బొజ్జ కదిలింది, సభ మారుమోగేలా నవ్వేశాడు.

"ఓరి బొల్లనా! నా తాడుతో నన్నే కట్టేశావురా!"

నిండు సభలో తన చేత్తోనే ముద్ర వేశాడు. మూడు వందల బారలను ముప్పైకి దించి, మాచమ్మకు సంత వీధిలో, కావలిచావడి పక్కన అంగడి ఇప్పించాడు. తొలి పొట్లం వీరన్నకు అందింది. బొల్లనకు వెండి పిడి వేసిన కొత్త కొలతతాడు దక్కింది.

"ఇంకొక్కటి" అన్నాడు రాజు. "ఆ గంటనూ, బడినీ, బావినీ తెచ్చి మళ్లీ నా గుమ్మం ముందే పెట్టండి. లేకపోతే వీడు రేపు ఇంకేం తెచ్చి నా మెట్ల కింద పెడతాడో!"

ఆనాటి నుంచి ఆయనకు మధ్యాహ్నం నిద్ర లేదు. ఒకనాడు ఉండబట్టలేక, చిటికెడు లేహ్యం పంపమని మాచమ్మకు కబురు పెట్టాడు.

"రోగులకు మాత్రమే అని శాసనం బాబూ. పగటి నిద్ర పట్టకపోవడం రోగం కాదని రాజుగారికి చెప్పు" అని ఆవిడ భటుణ్ణి ఉత్త చేతులతో వెనక్కి పంపింది.

రాజు ఆ జవాబు రెండుసార్లు చెప్పించుకుని, మీసం దువ్వుకుని, తన శాసనం ఎంత గొప్పదో అని మురిసిపోయాడు.