తిప్పక్క ఊపిన గుండు

అనగా అనగా, దారులకింకా పేర్లు పెట్టని కాలం. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే వినండి. పడుకున్నవాళ్ళు ఊకొట్టండి.

రాళ్ళసీమలో ఊడుగులపల్లె అని ఒక ఊరుండేది. ఊరికి ముందు రాళ్ళు, వెనక రాళ్ళు, నడుమ కాసిని జొన్నచేలు. పడమటి సంతకూ తూర్పు సంతకూ పోయే బండ్లదారి ఆ ఊరి పక్కనుంచే పోయేది. పొద్దున బండ్లు పోయేవి. మాపున బండ్లు వచ్చేవి. ఒక్క బండీ ఆగేది కాదు. వాటి దుమ్ము మాత్రం ఊళ్ళోకి వచ్చి కూర్చునేది.

ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒక మనిషి. జొన్న పేలాలు వేయించడం ఆమె పని. ఆమె గుడిసె ముందు ఒక పొయ్యి, పొయ్యి మీద మంగలం. మంగలం అంటే వెడల్పు మూతి కుండ. అందులో ఇసుక కాలుతుంది. కాలిన ఇసుకలో జొన్న పడితే తెల్లటి పువ్వై లేస్తుంది. ఊళ్ళోవాళ్ళు జొన్నలు తెచ్చేవాళ్ళు, వేయించుకునేవాళ్ళు, ఒక పిడికెడు ఆమెకు ఉంచి పోయేవాళ్ళు. ఆ పిడికెడే ఆమె బతుకు.

తిప్పక్కకు మొగుడు లేడు. ఒక కొడుకు పుట్టాడు. నడక రాకముందే జ్వరమొచ్చి పోయాడు. ఆమె ఉయ్యాల తాడు విప్పి, చుట్ట చుట్టి అటక మీద పెట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎవరూ ఆమెను అడగలేదు.

ఊరి వెనక గుట్ట మీద ఒక గుండు ఉంది. ఇల్లంత గుండు. అరచేతంత రాతి మీద నిలబడి, ఇప్పుడు పడుతుందా, అప్పుడు పడుతుందా అన్నట్టుంటుంది. కొడుకు పోయిన కొత్తలో తిప్పక్క కట్టెపుల్లల కోసం గుట్టెక్కి, ఆ గుండుకు ఆనుకుని ఏడ్చింది. ఉయ్యాల ఊపి ఊపి అలవాటైన ఒళ్ళు కదా, ఏడుస్తూ ఏడుస్తూ ఊగింది. ఆమెతోపాటు గుండూ ఊగింది.

తిప్పక్క భయపడలేదు. కళ్ళు తుడుచుకుని, అరచెయ్యి ఆనించి మళ్ళీ ఊపింది. మెల్లగా ఊపింది. గుండు అటు పోయింది, ఇటు వచ్చింది. ఆ రోజు ఆమెకు నాలుగు ముద్దలు లోపలికి పోయాయి.

అప్పటినుంచి సాయంత్రమైతే గుట్టెక్కేది. ఒకసారి మేకలు కాసేవాడొకడు దూరం నుంచి గుండు ఊగడం చూసి, కర్ర పారేసి పరుగెత్తుకొచ్చాడు. అది దయ్యపు గుండు అని పేరు పడిపోయింది. ఇక ఎవరూ అటు తొంగి చూడలేదు. తిప్పక్క విని ఊరుకుంది. ఎవరూ రాకపోతే ఆ గుండు ఆమెదే.

ఇట్లా ఉండగా, ఆ సీమను ఏలే పాళెగాడు కొండమనాయుడు ఏటి ఒడ్డున కొత్త కోట, కోట చుట్టూ కొత్త పేట కట్టించసాగాడు. పేటకు జనం కావాలి. అందుకని పనికిరావనుకున్న పల్లెలను ఎత్తేయించి, జనాన్ని అక్కడికి తోలుకుపోతున్నాడు. ఒకనాడు గుర్రమెక్కి ఊడుగులపల్లెకొచ్చాడు. ఊరి పెద్దకాపు సిద్దప్పను పిలిచాడు.

"ఏమప్పా, మీ ఊళ్ళో చూడ్డానికేముంది?"

"ఏమీ లేదు దొరా."

"తినడానికేముంది?"

"ఏమీ లేదు దొరా."

"దారినపొయ్యేవాడు ఆగడానికేముంది?"

"ఏమీ లేదు దొరా."

"ఏమీ లేని ఊరు ఉంటేనేం, లేకుంటేనేం. జొన్నకోతలు కానీండి. కోతలయ్యాక మళ్ళా వస్తా. అప్పటికి ఈ దారిలో ఒక్క బండన్నా మీ ఊళ్ళో ఆగుతుంటే సరే. లేదంటే ఇండ్ల కప్పులు విప్పుకుని నా పేటకు నడవండి" అని గుర్రం తిప్పుకుని పోయాడు.

ఊరు ఊరంతా డీలా పడింది. కొందరు ఆ పూటే మూటలు కట్టుకోవడం మొదలుపెట్టారు. తిప్పక్క గుట్టెక్కింది. ఊరు పోతే ఊరితో తనూ పోవాలి. తను పోతే గుండును ఎవరు ఊపుతారు? ఎంతోసేపు దాన్ని ఊపుతూ కూర్చుంది. పొద్దు గూకేముందు దిగొచ్చి, చింతచెట్టు కింద ఆరబెట్టిన చిగురు ఏరుకుంది.

మరునాడు ఎండిన చింతచిగురు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన చెనిగ్గింజలు, ఉప్పు వేసి పొడి దంచింది. పేలాల్లో కలిపింది. పైన ఉల్లిగడ్డ తరిగి వేసింది. మోదుగాకు దొప్పల్లో పోసుకుని బండ్లదారికి పోయింది.

మొదటిరోజు దారి పక్కన నిలబడి పిలిచింది. "బండి ఆపండి సామీ. కాస్త తిని పోండి." బండ్లవాళ్ళు తల తిప్పలేదు. దుమ్ము పడ్డ దొప్పలతో తిప్పక్క ఇంటికొచ్చింది.

రెండోరోజు పిలవలేదు. బండ్ల పక్కనే నడుస్తూ దొప్పలు చేతుల్లో పెట్టింది. వాళ్ళు తింటూనే పోయారు. దారి మలుపు దగ్గర మాత్రం గంగులన్న అనే ముసలి బండ్లాయన వెనక్కి తిరిగి చూశాడు. చూశాడే కాని ఆగలేదు.

మూడోసారి, ఆ బండ్లే సంత నుంచి తిరిగొస్తున్నాయి. తిప్పక్క పిలవకముందే గంగులన్న పగ్గం బిగబట్టాడు.

"ఏందమ్మా నువ్వు పెట్టింది? సంతంతా వెతికితిని. యాడా దొరకలేదు."

"పేలాలన్నా. చిగురుపొడి. ఇంకొంచెం తిను."

అతను ఆగితే వెనక బండ్లూ ఆగక తప్పలేదు. అందరూ తిన్నారు. పులుపు, కారం, ఉప్పు నాలుకకు తగిలాయి. నీళ్ళు అడిగారు.

"గుట్ట మీద గుండు నీడలో చెలమ ఉంది. చల్లటి నీళ్ళు. రండి. ఆ గుండు ఊగుతుంది కూడా" అంది తిప్పక్క.

"ఇల్లంత గుండు ఊగేదేందమ్మా" అని నవ్వుతూ గుట్టెక్కారు. నీళ్ళు తాగారు. ఒక పడుచువాడు భుజం పెట్టి నెట్టాడు. గుండు కదల్లేదు. ఇద్దరు నెట్టారు. కదల్లేదు. అందరూ చేరి కాళ్ళు తన్నిపట్టి నెట్టారు. కదల్లేదు.

"మంచి పేలాలు పెట్టినావు, పెద్ద అబద్ధం చెప్పినావు" అన్నాడు పడుచువాడు. అందరూ నవ్వారు.

తిప్పక్క చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళు వెళ్ళిపోతే గుండు ఆమెకే మిగులుతుంది. ఊరు మిగలదు. ఆమె ముందుకొచ్చి గుండు మీద అరచెయ్యి పెట్టింది.

"నెట్టకండి నాయనా. ఊపండి. ఉయ్యాల్లో బిడ్డుందనుకోండి. తాకండి, వదలండి. మళ్ళా తాకండి, వదలండి."

తాకింది, వదిలింది. తాకింది, వదిలింది. గుండు అటు పోయింది, ఇటు వచ్చింది. దాని నీడ వాళ్ళ మొహాల మీదుగా అటూ ఇటూ పోయింది. నవ్వులు ఆగిపోయాయి. గంగులన్న కూడా తాకి, వదిలాడు. అతని చేతికీ ఊగింది. చిన్నపిల్లవాడిలా అందరి మొహాలూ చూశాడు.

ఇక ఆ మాటకు కాళ్ళొచ్చాయి. గంగులన్న పడమటి సంతలో చెప్పాడు. అక్కడ విన్నవాళ్ళు తూర్పు సంతలో చెప్పారు. ఉప్పు బండ్లు ఆగాయి, బెల్లం బండ్లు ఆగాయి, పత్తి బండ్లు ఆగాయి. పెండ్లివాళ్ళు ఆగారు. తీర్థం పోయేవాళ్ళు ఆగారు. ఒక్క మంగలం చాలక ఊరంతా పొయ్యిలు పెట్టింది. కట్టుకున్న మూటలు విప్పేశారు. మేకలు కాసేవాడే జనాన్ని గుండు దగ్గరికి తీసుకుపోయి, ఎట్లా ఊపాలో చూపించసాగాడు.

కోతలయ్యాయి. కొండమనాయుడు వచ్చాడు. ఈసారి ఎడ్లూ, మోకులూ, ఒక ఏనుగూ వెంట తెచ్చాడు. ఊరి ముందు గుర్రం నిలపడానికి చోటు లేదు. అన్నీ బండ్లే. సిద్దప్ప ఎదురొచ్చి దండం పెట్టాడు.

"చూడ్డానికి గుండు ఉంది దొరా. తినడానికి పేలాలున్నాయి. ఆగడానికి ఇంకేం కావాల. మా ఊరిని మాకు ఇడిచిపెట్టండి."

"విన్నాను. మంచి గుండు అంట కదా. అది మీ గుట్ట మీద ఏం పని? నా కోట ముందర ఉండాలి. గుండుతోపాటు మీరూ రండి" అన్నాడు కొండమనాయుడు.

పొయ్యి దగ్గరి నుంచి తిప్పక్క లేచి వచ్చింది. చేతులకు ఇసుక అంటుకుని ఉంది.

"వస్తే తీసకపోండి దొరా" అంది.

మొదట ఎడ్లను కట్టి లాగించారు. గుండు వాటి వైపు వాలింది. తిరిగి వెనక్కి పోయింది. గుండుతోపాటు ఎడ్లూ వెనక్కి నడిచాయి. రెండోసారి ఇంకా ఎడ్లను కట్టారు. మోకు ఫట్టున తెగింది. ఎడ్లు దారిదాకా పోయి ఆగాయి. మూడోసారి ఏనుగును తెచ్చారు. ఏనుగు తొండంతో గుండును తడిమింది. నుదురు ఆనించింది. మావటివాడు అంకుశం ఎత్తేలోపే ఊగడం మొదలుపెట్టింది. ఏనుగు అటు, గుండు ఇటు. గుండు అటు, ఏనుగు ఇటు. చెవులు విసురుకుంటూ కళ్ళు మూసుకుంది. మావటివాడు బతిమాలాడు, కసిరాడు, చెరకుగడ చూపించాడు. ఏనుగు అక్కడి నుంచి కదలలేదు.

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దలు. చివరికి కొండమనాయుడే నవ్వాడు. గుర్రం దిగి గుండు దగ్గరికొచ్చాడు. రెండు చేతులతో నెట్టాడు. కదల్లేదు.

"నెట్టకండి దొరా. ఊపండి" అంది తిప్పక్క.

అతను తాకి వదిలాడు. గుండు ఊగింది. చాలాసేపు ఊపాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఏమ్మా, ఈ రాయిని ఇట్లా ఊపాలని నీకెవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలేదు దొరా. నా కొడుకు పోయినాక ఉయ్యాల్లేక దీన్ని ఊపినా."

ఊళ్ళో అందరూ ఆ మాట అప్పుడే విన్నారు. సిద్దప్ప భార్య వచ్చి తిప్పక్క చెయ్యి పట్టుకుంది. కొండమనాయుడు గుండు మీద చెయ్యి తీయకుండానే అన్నాడు:

"ఉయ్యాల ఉన్న ఇల్లు ఎవరన్నా ఖాళీ చేయిస్తారా? ఎవరూ యాడికీ పోవద్దు. శనివారం సంత ఇకనుంచి ఈ ఊరిదే."

తర్వాత చెలమ పక్కన చాప మీద కూర్చుని దొప్ప పట్టుకున్నాడు. ఒక దొప్ప తిన్నాడు. రెండో దొప్ప అడిగాడు. మూడోది దారిలో తినడానికి పట్టుకుపోయాడు. ఏనుగు మాత్రం మరునాటికి గాని గుట్ట దిగలేదు.

తిప్పక్క మొదట భయపడింది, ఇంతమంది చేతులు పడితే ఆ గుండు తనది కాకుండా పోతుందేమో అని. ఒక శనివారం గుట్టెక్కి చూసింది. ఏ ఊరి బిడ్డలో, చంకలో ఉన్నవాళ్ళు, నడిచేవాళ్ళు, గుండును ఊపుతూ కేరింతలు కొడుతున్నారు. ఆమె ఒక పక్కన కూర్చుని వాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. దిగి వచ్చాక అటక మీది ఉయ్యాల తాడు తీసి, కొత్తగా కాన్పయిన పక్కింటి పిల్లకు ఇచ్చింది.

ఆ తర్వాత చాలా ఏండ్లు బతికింది. సంతకొచ్చేవాళ్ళలో ఆమె చేతి పేలాలు తినని మనిషి లేడు. తల ముగ్గుబుట్ట అయ్యింది. పెద్ద పెద్ద దొరలు కూడా ఆమె పొయ్యి ముందు వరసలో నిలబడ్డారు.

ఒక శనివారం పొద్దున మంగలంలో జొన్నలు పోసింది. పువ్వులు లేచాయి. గంపలోకి తోడింది. గోడకు ఆనుకుని కూర్చుంది. అట్లాగే పోయింది.

సంతకొచ్చిన బండ్లవాళ్ళంతా ఎడ్లను విప్పేశారు. రెండు వైపుల బండ్లవాళ్ళూ ఆమెను భుజం మార్చుకుంటూ గుట్టకు మోశారు. గుండు కనబడేచోట పూడ్చారు. తిరిగొచ్చేసరికి అందరికీ ఆకలి. ఆమె తోడిన ఆఖరి గంప అక్కడే ఉంది. పొడి కలపలేదు. ఉప్పు వేయలేదు. సంతలో ఆ రోజు ఉప్పు బండ్లే మూడు నిలబడి ఉన్నాయి. ఎవరూ చిటికెడు ఉప్పు తీయలేదు. ఆమె చెయ్యి వదిలిన చోటే వదిలేసి, తలా ఒక పిడికెడు చప్పగానే తిన్నారు.

ఇప్పుడు ఆ దారిలో బండ్లు లేవు, బస్సులు తిరుగుతున్నాయి. డ్రైవర్లు అక్కడ ఆపుతారు. జనం దిగి గుండును ఊపుతారు, దొప్పల్లో చిగురు పేలాలు తింటారు. ఏడాదికి ఒక్క శనివారం మాత్రం ఊడుగులపల్లెలో పేలాలు ఊరికే పంచుతారు. ఆ రోజు పొడి ఉండదు, ఉప్పు ఉండదు. కొత్తవాళ్ళు నోట్లో వేసుకుని, "ఏమ్మా, ఉప్పు మర్చిపోయినట్టున్నారే" అంటారు. పేలాలు పంచే ఆమె గంప కింద పెట్టి, వాళ్ళను కూర్చోబెట్టి తిప్పక్క సంగతంతా మొదటినుంచీ చెబుతుంది.

అందుకే ఆ ఊరివాళ్ళు కూడా, పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ళు కూడా, ఆ శనివారం దొప్ప చేతికి రాగానే ఉప్పు అడుగుతారు.