గంతులమ్మ శాఖాచంక్రమణం

రండి, రండి. అలా గోడకు అతుక్కుపోయి కూర్చుంటే కథ మీ దాకా ఎలా వస్తుంది? ముందుకు జరగండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. వెనకనున్న మావయ్యగారూ, ఆ తుమ్మేదో ఇప్పుడే తుమ్మేయండి, మధ్యలో తుమ్మితే మా నక్క ఉలిక్కిపడుతుంది. సర్దుకున్నారా? చీమలోనూ ఏనుగులోనూ ఒకే ఊపిరి ఊదిన ఆ స్వామికి ఒక్కసారి చేతులు జోడించండి. ఆఁ, ఇక వినండి.

నల్లమలలో, ఒక వాగు ఒడ్డున, పెద్ద మద్దిచెట్టు ఉంది. అది ఉత్త చెట్టు కాదండోయ్, విశ్వవిద్యాలయం. మన దగ్గర శాఖ అంటే ఒక గది, గది బయట బల్ల, బల్ల మీద కునికిపాట్లు పడే బంట్రోతు. అక్కడ శాఖ అంటే శాఖే. అచ్చమైన కొమ్మ. కొమ్మకో శాస్త్రం, శాస్త్రానికో పండితుడు.

ఎన్ని రకాల పరిశోధనలనుకున్నారు! వడ్రంగిపిట్టది కలప శాస్త్రం. ముక్కుతో పొడిస్తే ముందు నొప్పి చెట్టుకు పుడుతుందా, తనకు పుడుతుందా అని పొద్దస్తమానం పొడిచి చూస్తోంది. గుడ్లగూబది తత్త్వశాస్త్రం. పగలు అనేది నిజంగా ఉందా, లేక కాకులు పుట్టించిన పుకారా అన్నది దాని సిద్ధాంతవ్యాసం. ఊసరవెల్లిది రాజనీతి. ఇవాళ రాసిన సిద్ధాంతం రేపటికి రంగు మార్చేస్తుంది. కాకిది వడియాల శాస్త్రం. కొండ కింది ఊళ్ళో ఏ డాబా మీద ఏ వేళ ఎండ చురుక్కుమంటుందో దానికి కొట్టిన పిండి. కుమ్మరిపురుగుది మట్టి శాస్త్రం. గిజిగాడు అల్లికలయ్యది నిర్మాణం. ఉడుత చారుమతిది మొక్కల శాస్త్రం.

ఇంతమంది మీదా ఉపకులపతి ఎవరు? నక్క పరంధామయ్య. నక్కకు చెట్టెక్కడం రాదు కదా అంటారేమో. అందుకే వేశారు! ఏ కొమ్మా ఎక్కలేడు కనుక ఏ కొమ్మ మీదా పక్షపాతం ఉండదని. కులపతి సింహంగారు ఏడాదికోసారి స్నాతకోత్సవానికి విచ్చేస్తారు. ఆ రోజున ఇంకెవరూ విచ్చేయరు.

రిజిస్ట్రారు ఒక చిలక. పేరు పలుకులయ్య. నక్క అన్న మాటను చిలక తిరిగి పలికిందా, అది శాసనం. పలకలేదా, ఉత్త ఊళ. అదీ అక్కడి పద్ధతి.

ఇక మన గంతులమ్మ సంగతి. ఆమె కోతి. ఆమెకు ఒక్కటే సందేహం, చిన్నప్పటి నుంచీ అదే. వాన వెలిశాక కూడా చెట్టు కింద వాన ఎందుకు కురుస్తూనే ఉంటుంది? పైన ఆకాశం ఖాళీ, కింద మాత్రం టపటపా చినుకులు. దీని అంతు చూద్దామని చిటారుకొమ్మ మీద పడిన చినుకు వెంటపడి కొమ్మ నుంచి కొమ్మకు దిగేది. దారిలో కనబడిన పండితుణ్ణల్లా ఆపి అడిగేది. "చారుమతక్కా, ఈ ఆకు కొస ఎందుకింత సన్నం?" "అల్లికలయ్యా, నీ గూటి మీద పడ్డ చినుకు లోపలికి రాదేం?" వాళ్ళూ సరదాపడి చెప్పేవారు. తెలియని చోట గొడవపడేవారు. చెట్టంతా సందడిగా ఉండేది.

కింద నిలబడిన పరంధామయ్యకు మాత్రం ఒకటే ఇబ్బంది. ఎవరు ఏ కొమ్మ మీద ఉన్నారో తలెత్తి చూడటం ఆయన ఉద్యోగం. గంతులమ్మ అటు గెంతితే తల అటు, ఇటు గెంతితే తల ఇటు. ఒకనాడు మెడ పట్టేసింది. పట్టిన మెడతోనే శాసనం చేశాడు.

"ఇకనుంచి ఎవరి శాఖలో వాళ్ళే ఉండాలి! పక్క శాఖ సంగతి చూడకూడదు, అడగకూడదు, చెప్పకూడదు! కాదన్నవాళ్ళు చెట్టు దిగాలి!"

"చెట్టు దిగాలి!" అంది చిలక. అయిపోయింది, శాసనం.

చెట్టు దిగడమంటే మనకు సులువే. గంతులమ్మకు కాదు. మద్దిచెట్టు నీడ దాటితే చిరుతపులి అడుగుజాడలే. నేల మీద కోతికి చదువు మాట దేవుడెరుగు, తెల్లారడమే గగనం. అయినా ఆమె కాళ్ళకు శాసనం అర్థం కాలేదు. మర్నాడే ఒక చినుకు వెంట గెంతింది. పట్టుకున్నారు. విచారణ పెట్టారు.

కొమ్మలన్నీ నిండిపోయాయి. గంతులమ్మ చెట్టు మొదలు దగ్గర, అన్నిటికంటే కింది కొమ్మ మీద, తోక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే కోతీ, నీ మీద నేరం ఏమిటో తెలుసా?" అన్నాడు పరంధామయ్య, మెడ ఒకవైపుకే తిప్పి.

"తెలీదు దొరా."

"శాఖాచంక్రమణం!"

"చంక్రమణం!" అంది చిలక.

"అంటే ఏమిటి దొరా?"

"ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు గెంతడం."

"అది నేరమా? మా ఇంట్లో దాన్ని నడక అంటారు."

పైకొమ్మల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నక్క మీసం అదిరింది.

"అతి తెలివి వద్దు. మీ జాతిని పెద్దలు ఏమన్నారు? శాఖామృగం అన్నారు. శాఖ! ఒక్క శాఖ! శాఖలమృగం అన్నారా?"

"అనలేదు దొరా. మరి తమరిని జంబుకం అన్నారు. జంబువంటే నేరేడు కదా. తమరు నేరేడుపళ్ళు తినే బతుకుతున్నారా? మొన్న కుందేళ్ళవారి ఇంటి దగ్గర కనిపించారే!"

ఈసారి ఎవరూ ఆపుకోలేదు. గుడ్లగూబ కూడా నవ్వింది, పగలున్నట్టు ఒప్పుకోవలసి వస్తుందని కళ్ళు మాత్రం తెరవకుండా.

"నిశ్శబ్దం!" అరిచాడు నక్క. "అసలు నువ్వెందుకు గెంతావు?"

"నేను గెంతలేదు దొరా. చినుకు గెంతింది, నేను వెంట వెళ్ళాను. చినుకు ఒక్క శాఖలో ఆగదు కదా."

"అయితే చినుకును కూడా సస్పెండ్ చెయ్యండి!"

"సస్పెండ్ చెయ్యండి!" అంది చిలక. ఆ క్షణం నుంచి మద్దిచెట్టు మీద వాన పడటం చట్టవిరుద్ధం.

ఇక తీర్పు చెప్పాలి. పరంధామయ్య గొంతు సవరించుకుని చుట్టూ చూశాడు. "తీర్పు కూర్చుని చెప్పాలి. నిలబడి చెబితే హుందాగా ఉండదు. నాకో ఆసనం కావాలి. వాగు గట్టున ఒక తీగకు బంగారు రంగులో, పట్టులాంటి నూగుతో కాయలు వేలాడుతున్నాయి చూశారూ? వాటితో మెత్తటి ఆసనం అల్లండి."

ఆసనం అంటే నిర్మాణం. నిర్మాణం అంటే అల్లికలయ్య. గిజిగాడు ఎగిరి వెళ్ళి, కాయల్ని తీగతో సహా ముక్కున కరిచి తెచ్చి, ముచ్చటగా అల్లడం మొదలుపెట్టాడు. ముక్కుతో పట్టాడు కనుక వాడికేమీ కాలేదు.

ఈలోగా గంతులమ్మ కళ్ళు మూసుకుంది. నల్లమల ఎవరి కొండ? నరసింహస్వామిది. ఆయన్నే తలుచుకుంది. "స్వామీ, సగం మనిషివి, సగం సింహానివి. ఇంట్లోనూ కాదు, బయటా కాదు, గడప మీద వెలిగావు. నిన్నే ఏ శాఖలో పెట్టాలో వీళ్ళకు తెలీదు. నన్నెక్కడ పెడతారు? నాకు దారి చూపించు. లేకపోతే దిగే ధైర్యమైనా ఇవ్వు."

కళ్ళు తెరిచేసరికి పై కొమ్మ మీద ఉడుత చారుమతి గజగజలాడుతోంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదమ్మా, ఏం లేదు."

"మరి తోకెందుకలా కొట్టుకుంటోంది?"

చారుమతి అటూ ఇటూ చూసి గుసగుసలాడింది. "అవి దూలగొండి కాయలు! ఆ నూగు ఒంటికి తగిలిందా, ఒళ్ళు రక్తాలొచ్చేలా గోక్కోవాల్సిందే."

"అయ్యో, మరి చెప్పవేం?"

"ఆసనం నా శాఖ కాదు కదమ్మా! నోరెత్తితే నేనూ చెట్టు దిగాలి. నాకు పిల్లలున్నారు."

గంతులమ్మ ఊరుకోవచ్చు. పగవాడు గోక్కుంటే చూసి నవ్వుకోవచ్చు. కానీ స్వామి పేరు తలుచుకున్న నోరు అప్పుడే మూసుకోలేకపోయింది. "దొరా! కూర్చోకండి! అది మంచి ఆసనం కాదు!"

పరంధామయ్య ఆసనం ముందు ఆగి, జాలిగా చూశాడు. "ఆసనం గురించి మాట్లాడటానికి నీది ఏ శాఖే?"

అని, తోక విసనకర్రలా పరిచి, కూర్చున్నాడు.

"ఆహా!" అన్నాడు. "పట్టంటే ఇదీ పట్టు. ఇక తీర్పు. కోతీ, నువ్వు... నువ్వు ఇప్పుడే... ఇప్పు... అయ్యో!"

"అయ్యో!" అంది చిలక.

రిజిస్ట్రారు నోట పడింది కనుక శాసనమే. కొమ్మలన్నీ భక్తిగా "అయ్యో!" అన్నాయి.

"అమ్మో! మంట! దురద!"

"దురద!" అంది చిలక. కొమ్మల మీద పండితులు అందరూ శాసనానికి విధేయులై గోక్కోవడం మొదలుపెట్టారు.

నక్క లేచి గిరగిరా తిరిగాడు. దురద ఎక్కడా? సరిగ్గా నడుము ముగిసి తోక మొదలయ్యే చోట. నోరు అందదు, కాలు అందదు. నేలకేసి రాశాడు, ఇంకా పాకింది. "ఎవరైనా చూడండయ్యా! ఇంత విశ్వవిద్యాలయం పెట్టుకుని నాకు గతి లేదా?"

వడ్రంగిపిట్ట తొంగి చూసింది. "తోక కలప కాదు దొరా. మా శాఖలోకి రాదు."

"ఎర్రగా కందింది," అంది ఊసరవెల్లి. "రంగు వరకే నాకు తెలుసు."

"నేను పగటిపూట జరిగే దురదల్ని నమ్మను," అంది గుడ్లగూబ.

"ఓసి గంతులమ్మా! పేలు చూసే నీ చేతులు నాకు తెలుసు! నువ్వైనా చూడవే!"

గంతులమ్మ కొమ్మ మీంచి తల వేలాడేసి చూసింది. "చూస్తాను దొరా. ముందు ఒక్క మాట. ఇది నడుము దురదా, తోక దురదా?"

"రెండింటి మధ్యది!"

"మధ్యకు శాఖ లేదు కదా దొరా."

"ఉంది! ఉందనుకో!"

"కాయ సంగతి చారుమతక్కకు తెలుసు. అల్లిక సంగతి అల్లికలయ్యకు. వాళ్ళు మాట్లాడుకోకూడదు, నేను అడగకూడదు. ఏం చెయ్యమంటారు?"

"అడగవే! అందర్నీ అడుగు!"

"ఏ కొమ్మకు వెళ్ళమంటారు దొరా?"

"ఈ కొమ్మకు!"

"ఒక్క కొమ్మతో తేలదే."

"అన్ని కొమ్మలకూ వెళ్ళు!"

"నేనొక్కదాన్నేనా? చారుమతక్క రావద్దూ?"

"అందరూ! అందరూ అన్ని కొమ్మలూ తిరగండి! ఇంకెప్పుడూ ఎవరూ ఎవర్నీ ఆపొద్దు! అబ్బా, త్వరగా!"

గంతులమ్మ మెల్లగా చిలక వైపు తిరిగింది. చిలక పలికితేనే కదా శాసనం!

"అందరూ అన్ని కొమ్మలూ తిరగండి!" అంది పలుకులయ్య. "ఎవరూ ఎవర్నీ ఆపొద్దు!"

శాసనమైపోయింది. అయినా ఎవరూ కదల్లేదు. భయం శాసనం కంటే మొండిది. అప్పుడు చారుమతి, పిల్లలున్న ఆ చిన్న ఉడుత, తన కొమ్మ చివరికి వచ్చింది. కాళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు మూసుకుని ఒక్క దూకు దూకింది. అల్లికలయ్య కొమ్మ మీద పడింది. "అన్నయ్యా, అది దూలగొండి. గుచ్చుకున్నవి దాని నూగుముళ్ళు. నాకు తెలిసింది అంతే. తీయడం ఎలాగో నాకు తెలీదు. నీకేమైనా తెలుసా?"

"నూగు కదా చెల్లీ, పోగుల్లాంటిదే," అన్నాడు గిజిగాడు. "ఒక్కొక్కటీ పీకలేం. దేనికైనా అంటించి ఒక్కసారిగా లాగాలి."

"అంటించడానికి మా బంకమట్టి ఉంది!" అంటూ కుమ్మరిపురుగు జుయ్యిమని వచ్చింది. "ఆరితే పట్టుకున్నది వదలదు. ఆరడానికే చాలాసేపు పడుతుంది."

"ఎందుకు పడుతుంది?" అంది కాకి. "వాగు మధ్య బండ మీద ఇప్పుడు ఎండ నిప్పులు చెరుగుతోంది. అప్పడం పెడితే వేగిపోతుంది."

నక్క నీళ్ళలోకి దూకబోతే చారుమతి ఆపింది. "వద్దు దొరా! తడిస్తే నూగు ఒళ్ళంతా పాకుతుంది!" గంతులమ్మ చేతులతో మట్టి మెత్తింది, నడుము నుంచి తోక కొస దాకా, పిడక కొట్టినట్టు. బండ మీద కూర్చోబెట్టారు. ఉపకులపతిగారు తోక ఎండకు పెట్టుకుని వడియంలా కూర్చున్నారు. కాకి చుట్టూ తిరుగుతూ మధ్యమధ్య వేలు పెట్టి చూసినట్టు ముక్కు పెట్టి చూసింది. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, ఎండింది!"

"అందరూ పట్టండి," అంది గంతులమ్మ. పట్టారు. లాగారు.

పెచ్చు మొత్తం ఊడి వచ్చింది. పెచ్చుతో నూగు వచ్చింది. నూగుతో దురద పోయింది. దురదతో పాటు పరంధామయ్యగారి తోక బొచ్చూ పోయింది. ఏనాటి నుంచో దువ్వి దువ్వి పెంచిన తోక, ములక్కాడలా మిగిలింది.

హాయిగా నిట్టూర్చిన నక్క వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ములక్కాడను రెండుసార్లు ఊపి చూసుకున్నాడు.

"ఎవరు? ఇది ఏ శాఖ చేసిన పని? చెప్పండి! ఆ శాఖను ఈ క్షణం చెట్టు దించేస్తాను!"

గంతులమ్మ చారుమతి వైపు చూసింది. చారుమతి గిజిగాడి వైపు, గిజిగాడు కుమ్మరిపురుగు వైపు, అది కాకి వైపు చూశారు. అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

"అన్ని శాఖలూ, దొరా!"

"అన్ని శాఖలూ!" అంది చిలక.

అన్ని శాఖల్నీ దించేస్తే మిగిలేది మొద్దు. మొద్దుకు ఉపకులపతి అక్కర్లేదు. పరంధామయ్య అది గ్రహించి, ములక్కాడను కాళ్ళ మధ్య దాచుకుని, మెడ నొప్పి అని సెలవు పెట్టి పొదల్లోకి నడిచాడు. పొద్దు గూకింది. గంతులమ్మ చెట్టు దిగలేదు.

కొమ్మలకు హద్దులుంటాయి గానీ, కష్టం హద్దు చూసుకుని రాదు. ఇదీ నీతి.

ఇళ్ళకు వెళ్తారు కదా, వెళ్ళండి తల్లీ, వెళ్ళండి నాయనా. నక్కను మర్చిపోయినా నాకు బాధ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ ఉడుత వణుకుతూనే పక్క కొమ్మకు దూకి, "నాకు తెలిసింది ఇది, నీకేం తెలుసు?" అని అడిగింది చూడండి, అదొక్కటి. స్వామి మీద భారం వేసి, రేపు మీరూ ఒక్కసారి ఆ పని చెయ్యండి.