రెండు బుడగలు, నాలుగు రక్తపు చుక్కలు

వరంగల్‌లోని ఒక ఇంజనీరింగు కాలేజీలో, తన లెక్కకు అందనిది లోకంలోనే లేదనుకునే పరాంకుశం అనే ప్రొఫెసరు ఉండేవాడు. గాజుపలకలో వెంట్రుకంత సన్నని కాలువ చెక్కించి, పరీక్షకు తీసిన రక్తాన్ని అందులో నడిపించే పరికరం తయారుచేస్తున్నాడు. కాలువలో ఒకచోట క్షణంపాటు వేడి తగిలితే బుడగ పుట్టి, వెంటనే చితికిపోయేది. ఆ తోపుకే రక్తం ముందుకు కదిలేది. వేగం చాలడం లేదని ఆయన పక్కపక్కనే రెండు బుడగలు పుట్టించసాగాడు.

ఒకరోజు ఆయన శిష్యురాలు షంషాద్ కెమెరాలో తీసింది చూపించబోయింది. "సార్, ఒక బుడగ ఉబ్బుతుంటే పక్కది చితుకుతోంది. ఆ చితికేదాన్ని చీల్చుకుని కాలువలోని ద్రవం సూదిలా చిమ్ముతోంది. రక్తకణం అడ్డొస్తే చిల్లు పడుతుంది."

"నా లెక్కలో అది లేదు. ప్రయోగాల పుస్తకంలో మురికి అని రాసి, పలక కడుగు," అన్నాడు.

కడిగింది. ద్రవం మళ్ళీ అలాగే చిమ్మింది. పదకొండుసార్లు కడిగించాడు, పదకొండుసార్లూ మురికి అనే రాయించాడు. ఒక్కసారి వంగి ఆ కెమెరా తెర చూస్తే ఆయన సొమ్మేం పోయింది? తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి ఒక పిల్లల ఆసుపత్రిలో పరికరాన్ని పరీక్షించే రోజు వచ్చింది. సమ్మక్క అనే ఆమె జబ్బుపడ్డ రెండేళ్ళ కూతురిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాపకు నరం దొరకదు. నర్సు అరగంట వెతికి నాలుగు చుక్కలు తీసింది.

"ఒక్క బుడగతోనే నడుపుదాం సార్," అని షంషాద్ బతిమాలింది.

"నువ్వు నాకు నేర్పుతావా?" అని ఆయన రెండూ నడిపాడు. కణాలన్నీ పగిలి, రక్తం ఎర్రనీళ్ళయింది. పరీక్షకు పనికిరాకుండా పోయింది.

"ఇలా అవుతుందని ముందే తెలియదా?" అని డాక్టరు నిలదీశాడు.

"తెలుసండీ. సార్‌కి పదకొండుసార్లు చెప్పాను," అంది షంషాద్.

సమ్మక్క పాప చేయి ముందుకు చాపింది. కమిలి నల్లబడి ఉంది. "పొడవనీకి ఇంక జాగ ఏడున్నది సార్? గా పిల్ల చెప్తాంటె ఒక్కపాలి ఇంటె మీకేమయితుండె?"

ప్రొఫెసరు తలదించుకున్నాడు. డాక్టరు ఆయన్నూ పరికరాన్నీ బయటికి పంపేశాడు. కానీ పాపకు మళ్ళీ సూది తప్పలేదు. ఆ ఏడుపు వరండా దాకా వినిపించింది.

నీతి: కళ్ళెదుట ఉన్న నిజాన్ని అహంకారంతో కొట్టిపారేసేవాడి తప్పుకు, నొప్పి భరించేది ఏ పాపం ఎరుగనివాళ్ళు.