చింతపిక్కల పలకలో ఖాళీ వరుస

ఏ కాలమో, ఏ దిక్కో నన్నడక్కండి గానీ, గోనగిరి రాజ్యాన్ని ధరణీపాలుడనే రాజు ఏలేవాడు. ఆయన కోటలో గడియలు కొట్టేవాడు బసవలింగం. చిల్లున్న రాగిగిన్నెను గంగాళంలో నీళ్ళమీద వదలడం, అది నిండి మునగగానే గంట కొట్టడం, మళ్ళీ తీసి వదలడం, ఇదీ అతని కొలువు. గిన్నెను విడిచి ఎటూ కదలడానికి లేదు. పెళ్ళికి పోలేడు, చావుకు పోలేడు. మన గడపకు రానివాడి గడప మనం మాత్రం ఎందుకు తొక్కుతాం? భార్య పోయాక అతనికి పలకరించే దిక్కు లేకపోయింది. గిన్నెతోనే మాట్లాడుకునేవాడు. నవ్వకండి, మీరైనా అంతే చేద్దురు.

ఆ గిన్నె కూడా దూరమయ్యే రోజొచ్చింది.

మంత్రి మాధవార్యుడు మహాపండితుడు. ఆ సంగతి ఎవరూ అనకముందే ఆయనే అనేవాడు. ఒకనాడు సభలో పెద్ద గళ్ళపలక పరిపించాడు. కోటలోని ఇరవైమంది పేర్లు అడ్డంగా, అవే పేర్లు నిలువుగా. గడికో చింతపిక్క, ఒకపక్క తెల్లగా అరగదీసింది.

"పనిమీద ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఎవరి వరుసలో వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళ లెక్క. వస్తే ఆ గడిలో తెల్లవైపు పైకి, రాకపోతే నల్లవైపు. అంతే ప్రభూ! కోట గుట్టంతా ఈ పలకలో ఉంది."

రాజుగారి వరుస తెల్లగా మెరిసింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. బసవలింగం వరుసలో మాత్రం అన్నీ నల్లపిక్కలే.

"ఎవరికీ అక్కరలేనివాడికి కోటలో కూడెందుకు? పొద్దుగూకేలోగా వెళ్ళిపోవాలి" అన్నాడు మంత్రి.

బసవలింగానికి కబురందింది. గిన్నెను వదిలి రాలేడు గనుక గంగాళాన్ని ఇద్దరు భటులతో మోయించుకుని, గంట చంకన పెట్టుకుని సభకొచ్చాడు.

"నా గంట అందరూ వింటున్నారు కదండీ!"

"వింటున్నారు. నీ దగ్గరికి వస్తున్నారా? పలకలో లేనిది లోకంలో లేదు!" అన్నాడు మంత్రి.

బసవలింగం రాజువైపు తిరిగి తలవంచి అడిగాడు. "ప్రభూ, ఏ ప్రశ్న వేసి పలక పరిచినా, తెల్లపిక్క ఒక్కటీ లేక వరుస ఖాళీగా ఉన్నవాడు కోట వదలాల్సిందేనా?"

"ఎవడైనా సరే! ధరణీపాలుడి మాటంటే శిలాశాసనం."

"అయితే ఇంకొక్కసారి పరిపించండి. పనేమీ లేకుండా, ఊరికే, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

రాజు సరేనన్నాడు. వంటల తిరుమలమ్మ మావటివాడి ఇంటికి కబుర్లకు పోతుందట. మంత్రిగారు నీళ్ళు నమిలి నమిలి, చాకలి రంగడి అరుగుమీద పులిజూదం ఆడతానని ఒప్పుకున్నాడు. సభ గొల్లుమంది. పిక్కలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. చివరికి రెండు వరుసలు నల్లగా మిగిలాయి. ఒకటి బసవలింగానిది. రెండోది రాజుగారిది.

"రాణిని అడగండి!" అన్నాడు రాజు.

తెర వెనకనుంచి రాణి మెల్లగా అంది. "కబురొస్తే వస్తాను కదండీ. ఊరికే ఎప్పుడొచ్చాను?"

రాజు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ ముఖం చూసి బసవలింగానికి గెలిచిన సంతోషమే లేకపోయింది. అయ్యో, ఈయనా నాలాంటివాడేనా అనుకున్నాడు.

మంత్రి గబగబా ముందుకొచ్చాడు. "ప్రభూ! రాజు పేరుకు రాజు పేరే ఎదురుపడే గడి ఒకటుంది. మన దగ్గర మనం ఊరికే కూర్చోమా? ఆ పిక్క తిప్పితే సరి!"

"ఔను, తిప్పు, తిప్పు!" రాజుకు ప్రాణం లేచొచ్చింది.

"తిప్పండి ప్రభూ," అన్నాడు బసవలింగం. "అలాంటి గడి నా వరుసలోనూ ఉంది. పద్దెనిమిదేళ్ళుగా నాతో నేనే కూర్చుంటున్నవాణ్ణి, ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. నా పిక్కా తిప్పించండి. వద్దంటారా, పదండి, ఇద్దరం కలిసే కోట వదులుదాం. దారిలో ఒకరికొకరం తోడైనా ఉంటాం."

రాజు పకపకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"మంత్రీ, ఒక్క పిక్కతో దొరికిపోయావయ్యా!" అని, తన చేతి కంకణం తీసి బసవలింగానికి తొడిగాడు. ఆజ్ఞ రద్దయింది.

మర్నాడు మధ్యాహ్నం గడియారపు గదికి రాజు ఒక్కడే వచ్చాడు. బసవలింగం కంగారుగా లేచాడు.

"ఏం పనిమీద వచ్చారు ప్రభూ?"

"ఏ పనీ లేదోయ్."

ఇద్దరూ చాపమీద కూర్చున్నారు. ఆపైన ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. పాపం, అలవాటు తప్పిపోయింది. గిన్నె మునిగితే బసవలింగం గంట కొట్టాడు. రాజు ఉలిక్కిపడి, తనలో తనే నవ్వుకున్నాడు. రెండు గడియలు అలాగే గడిచాయి.

వెళ్ళబోతూ రాజు గుమ్మంలో ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవరినీ దేనికీ అనుమతి అడిగి ఎరగడు.

"రేపు కూడా రావచ్చునా?" అన్నాడు.

బసవలింగం తలూపి, చాప చుట్టకుండా అలాగే ఉంచాడు.